జ్వరమొస్తే ఇన్సులిన్ ఆపేస్తారా?

వానలు మొదలయ్యాయంటే నా ఓపీలో రోజూ ఇదే మాట: "షుగర్ మందులు ఇమ్యూనిటీని తినేస్తాయట కదండీ, జ్వరం తగ్గేదాకా ఆపేశాం." ఎవరు చెప్పారంటే పక్కింటాయన, లేదంటే వాట్సాప్ వీడియో. చెప్పినవాళ్లకి పోయేదేం లేదు, వేళ్లూ కాళ్లూ పోయేది విన్నవాళ్లకి.

ఇన్సులిన్ రోగనిరోధక శక్తిని తగ్గించదు. షుగర్ బిళ్లలైన మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కూడా తగ్గించవు. తగ్గించేది రక్తంలో పేరుకుపోయిన షుగరే. క్రిమి లోపలికి రాగానే ముందు అక్కడికి చేరాల్సినవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. షుగర్ బాగా ఎక్కువైతే అవి ఆలస్యంగా చేరతాయి, చేరినా క్రిమిని మింగి చంపే పని సరిగ్గా చేయలేవు. కాళ్లలో స్పర్శ, రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే చిన్న పుండు ఎముక దాకా పోతుంది.

"ఏమీ తినట్లేదు కదండీ, షుగర్ ఎందుకు పెరుగుతుంది?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఇన్ఫెక్షన్ వస్తే ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ పెరుగుతాయి. వాటివల్ల లివర్ గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అన్నం ముట్టకపోయినా మీటర్ 350 చూపించేది అందుకే. అలాంటప్పుడు చాలామందికి ఇన్సులిన్ మామూలుకన్నా ఎక్కువే కావాలి.

మొన్నామధ్య ఒక రైతు వచ్చారు. పొలంలో ముల్లు దిగిందట. కాలి చిటికెన వేలికి మందంగా పసుపు పట్టించారు, కడిగి చూస్తే కింద చర్మం నల్లబడిపోయింది. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని, దాంతోపాటు ఇన్సులిన్ కూడా అయితే ఒంట్లో శక్తి ఉండదని సూది మానేశారు. మీటర్‌లో అంకె కూడా రాలేదు, 'హై' అని వచ్చింది. ఆయన భార్య తడిగుడ్డ చుట్టిన డబ్బాలోంచి సీల్ తీయని ఇన్సులిన్ సీసా తీసి నా బల్లమీద పెట్టింది. "నేను చెప్తే వింటారాండీ?" అంది. కాలు దక్కింది, వేలు దక్కలేదు. ఆయన్ని తిట్టాలనిపించలేదు. భయపడ్డ మనిషికి దగ్గర్లో ఎవరి మాట వినిపిస్తే అదే పట్టుకుంటాడు.

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల అమ్మానాన్నలకు ఇంకాస్త గట్టిగా చెప్తాను: జ్వరమైనా, వాంతులైనా బేసల్ ఇన్సులిన్, అంటే రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్, ఆపొద్దు. ఆపితే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఇమ్యూనిటీ దారితప్పి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను దెబ్బతీయడం వల్లే ఆ జబ్బు వచ్చింది. ఇన్సులిన్ ఆ లోటు పూడుస్తుందే తప్ప ఇమ్యూనిటీ జోలికి పోదు. 2022లో అమెరికా అనుమతించిన టెప్లిజుమాబ్ అనే మందు నేరుగా ఇమ్యూనిటీకి చెందిన టి కణాల మీదే పనిచేస్తుంది. అది టైప్ 1 ముదరకుండా కొంతకాలం వాయిదా వేసే మందు. మీ ఇంట్లోని బిళ్లలకీ దానికీ సంబంధం లేదు.

ఈ పుకారు పుట్టడానికి నాకు తోచిన కారణం స్టెరాయిడ్లు. ఇమ్యూనిటీని తగ్గించేవీ అవే, షుగర్‌ని పెంచేవీ అవే. 2021లో బ్లాక్ ఫంగస్‌తో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి జనం బారులు తీరారు గుర్తుందా? అదుపులో లేని షుగర్, దానిమీద స్టెరాయిడ్లు పడిన వాళ్లే వాళ్లలో ఎక్కువ. నింద మాత్రం ఇన్సులిన్ మీద పడింది. పేరూ ఊరూ లేని 'షుగర్ పొడి'లో ఏం కలిపారో తెలియదు, జాగ్రత్త.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్లలు వాడితే జననాంగాల దగ్గర దురద, ఫంగస్ రావడం నిజమే. మూత్రంలో షుగర్ పోతుంది కాబట్టి వస్తుంది, ఇమ్యూనిటీ పడిపోయి కాదు. సిగ్గుపడకుండా చెప్తే తేలిగ్గా తగ్గుతుంది. సిటాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ బిళ్లల మీదా అనుమానాలున్నాయి, పెద్ద ట్రయల్స్‌లో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు పెరిగినట్టు తేలలేదు. ఫ్లూ, న్యుమోనియా టీకాలకు ఏ షుగర్ మందూ ఆపక్కర్లేదు.

తాత్కాలికంగా ఆపాల్సిన మందులూ ఉన్నాయి. వాంతులు, విరేచనాలై తిండీ నీళ్లూ లేనప్పుడు ఈ ఫ్లోజిన్లు, మెట్‌ఫార్మిన్ ఆపమంటాం. గ్లిమెపిరైడ్ వేసుకుని తినకపోతే లో షుగర్ వస్తుంది, డోసు మార్చాలి. ఏది ఆపాలో, ఏది పెంచాలో ఫోన్ చేసి అడగండి. వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, షుగర్ 300 నుంచి దిగకపోయినా ఫోన్లతో టైమ్ పాడుచేయకుండా నేరుగా క్యాజువాలిటీకి రండి. మందుల కవర్ కూడా తెచ్చుకోండి, "పొద్దున వేసుకునే తెల్ల బిళ్ల" అంటే ఏ డాక్టరుకీ అర్థం కాదు.