అన్నే ఫ్రాంక్ డైరీ: క్లాసులో ప్రతి ఏడాదీ నాకు ఎదురయ్యే అపోహలు

సీబీఎస్ఈ పదో తరగతికి ఇంగ్లీష్ చెప్తాను, పద్నాలుగేళ్లయింది. ఫస్ట్ ఫ్లైట్ బుక్కులో అన్నే ఫ్రాంక్ (రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి దొరక్కుండా ఇంటివాళ్లతో దాక్కున్న యూదుల పిల్ల) డైరీ నుంచి ఒక పాఠం ఉంటుంది కదా, అది మొదలెట్టినప్పుడల్లా పిల్లలూ, పేరెంట్సూ, ఒక్కోసారి స్టాఫ్ రూములో మేమూ అవే తప్పు మాటలు మళ్లీ మళ్లీ అంటుంటాం. ఒకచోట రాసి పెడదామని ఎప్పటినుంచో అనుకుంటున్నా, ఈ సెలవుల్లో కుదిరింది.

అపోహ: డైరీ కాన్సన్‌ట్రేషన్ క్యాంపులో రాసింది.

కాదండీ. ఈ తప్పు నేనూ చేశాను. చేరిన కొత్తలో యాన్యువల్ డే స్కిట్‌లో ఒక పాపకి చారల బట్టలేసి, ముళ్లకంచె పక్కన కూర్చోబెట్టి, చేతిలో డైరీ పెట్టించాను, అందరూ చప్పట్లు కొట్టారు, తప్పని ఒక్కరూ చెప్పలేదు. ఆ పిల్ల రాసిందంతా ఆమ్‌స్టర్‌డామ్‌లోనే. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకి, ఎరుపు తెలుపు గళ్ల అట్టతో ఒక ఆటోగ్రాఫ్ బుక్కు వచ్చింది, జూలై 6న ఇంటిల్లిపాదీ వెళ్లి ప్రిన్సెన్‌గ్రాహ్ట్ వీధి 263లో నాన్న ఆఫీసు వెనక భాగంలో దాక్కున్నారు (జామ్ గట్టిపడడానికి వేసే పెక్టిన్ అమ్మే కంపెనీ అది). చివరి ఎంట్రీ 1944 ఆగస్టు 1, నాలుగో తారీఖున పోలీసులొచ్చి పట్టుకెళ్లారు. ఆ తర్వాత వెస్టర్‌బోర్క్, ఆష్విట్జ్, బెర్గెన్ బెల్సెన్ క్యాంపులు, అక్కడ రాసిన ముక్క ఒక్కటీ లేదు. 1945 మొదట్లో అక్కా తనూ టైఫస్‌తో పోయారు, ఏప్రిల్ 15న గానీ బ్రిటిష్ సైన్యం ఆ క్యాంపుకి చేరలేదు.

ఇంకోటి, మన పాఠంలో ఉన్న కీసింగ్ మాస్టారు, ఎక్కువ మాట్లాడుతోందని వ్యాసం రాయమని పనిష్మెంట్ ఇవ్వడం, బాతుపిల్లల పద్యం, అదంతా డైరీలో 1942 జూన్ తారీఖుతో ఉన్న సంగతి, అంటే దాక్కోవడానికి ముందు జరిగింది. 'ఇదంతా చీకటి గదిలో దాక్కున్నప్పుడు జరిగింది' అని మా పిల్లలు ఆన్సర్లు రాస్తుంటారు, మార్కులు కూడా పడిపోతుంటాయి.

అపోహ: యుద్ధం అయ్యాక ఎవరో రాశారు, బాల్‌పెన్ ఇంకు దొరికింది.

ఇది వాట్సాప్ సరుకు. బాల్‌పెన్ ఇంకు ఉన్నది రెండు విడి చీటీల మీద, యుద్ధం తర్వాత చేతిరాత పరిశీలించేవాళ్లు కాగితాల మధ్య వదిలేసినవి. డైరీలో కాదు. కాగితం, ఇంకు, జిగురు, చేతిరాత అన్నీ నెదర్లాండ్స్ ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులో పరీక్షించి, ఆ వివరాలతో సహా 1986లో పెద్ద ఎడిషనే వేశారు.

పెన్ను మాటొచ్చింది కాబట్టి, తన పెన్ను గురించి తనే రాసింది. తొమ్మిదేళ్లప్పుడు అమ్మమ్మ పంపిన ఫౌంటెన్ పెన్ అది. 1943 నవంబర్‌లో ఒకరోజు టేబుల్ అక్కకీ నాన్నకీ కావాల్సొస్తే ఈ పిల్ల పెన్ను పక్కన పెట్టి ఒక మూల కూర్చుని బూజు పట్టిన చిక్కుడు గింజలు రుద్దుతూ ఉంది, ఆ తర్వాత చెత్తంతా ఊడ్చి పేపర్లో చుట్టి స్టవ్‌లో పడేసింది, మంట భగ్గుమంది, చూస్తే పెన్ను లేదు. మర్నాడు బూడిదలో క్లిప్పు ఒక్కటే దొరికింది, బంగారు పాళీ ఏమైందో తెలీదు. పోతే పోయింది, పెన్నుకి దహనమైనా జరిగింది, నాకూ ఒకరోజు అలాగే కావాలి అని జోక్ వేసింది. ఆ పేజీ దగ్గర క్లాసు ఆపేస్తాను నేను, ఆ రోజుకి ఇంక ముందుకెళ్లడం నా వల్ల కాదు.

అపోహ: మనసులో ఏది పొంగితే అది రాసేసింది, అందుకే అంత బావుంటుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. మా పిల్లలకి రఫ్ నోట్సు, ఫెయిర్ నోట్సు అంటే ఎంత మంటో మీకు తెలుసు, 'మేడం, ఒకసారి రాశాం కదా' అంటారు. ఆ పిల్ల మాత్రం ఎవరూ అడక్కుండానే ఫెయిర్ చేసింది. 1944 మార్చి 28న లండన్ నుంచి వచ్చే డచ్ రేడియోలో ఒక మంత్రి, యుద్ధకాలం డైరీలూ ఉత్తరాలూ దాచిపెట్టండి, తర్వాత సేకరిస్తాం అన్నాడు. అంతే, మే 20న కూర్చుంది, పట్టుబడేలోపు పది వారాల్లో సుమారు 215 విడి కాగితాల మీద మొదట్నుంచీ తిరగరాసింది. బోరు కొట్టేవి తీసేసింది, గుర్తున్నవి కలిపింది. డైరీ అంతా కిట్టీ అనే ఊహల్లో స్నేహితురాలికి ఉత్తరాల్లా ఉంటుంది కదా, మొదట్లో కిట్టీ ఒక్కతే కాదు, తనకిష్టమైన ఆడపిల్లల కథల్లోంచి ఇంకా చాలా పేర్లు తీసుకుని అందరికీ ఉత్తరాలు రాసేది, ఫెయిర్‌లో అందర్నీ తీసేసి కిట్టీని ఒక్కదాన్నే ఉంచింది. మనుషుల పేర్లు కూడా మార్చింది, వాళ్లతో పాటు దాక్కుని తన గదిలో ఉన్న డెంటిస్టుకి డుసెల్ అని పెట్టింది, జర్మన్‌లో మొద్దు అని అర్థం వస్తుంది, పాపం ఆయన! ఆయనతో టేబుల్ కోసం పెద్ద గొడవ, 1943 జూలైలో నాన్న మధ్యలోకొచ్చి సర్దితే వారానికి రెండు మధ్యాహ్నాలు దొరికింది ఆ టేబులు. 1943కి సంబంధించిన అసలు నోటుబుక్కులు దొరకనే లేదు, ఆ ఏడాదిది మన చేతిలో ఉన్నది దాదాపుగా తను తిరగరాసిందే.

పదిహేనేళ్లు నిండకముందు రాసింది పదిహేను దాటుతుండగా మళ్లీ చదివి ఇది చాల్లేదు అనుకోగలగడం, దొరికితే చచ్చిపోతామని తెలిసిన ఇంట్లో కూర్చుని వాక్యం దిద్దుకోవడం, నేను గొప్పతనం అనేది దాన్ని. కష్టాలు పడ్డందుకైతే, నెదర్లాండ్స్ నుంచి క్యాంపులకి రైళ్లెక్కించింది లక్షా ఏడు వేల మంది యూదుల్ని, తిరిగొచ్చింది ఐదు వేల పైచిలుకు, కష్టం అందరిదీ.

అపోహ: దేవతలాంటి పిల్ల.

అమ్మంటే పడేది కాదు, ఎంత ఘాటుగా రాసిందో. ఐతే 1944 జనవరి 2న పాత పేజీలు తిరగేసి, ఇంత ద్వేషం రాసింది నేనేనా అని సిగ్గుపడింది. అలాగే 2018లో, తను గోధుమరంగు కాగితం అంటించి మూసేసిన రెండు పేజీలు ఫొటో టెక్నిక్‌తో చదివారు, లోపల నాలుగు బూతు జోకులు. నాకైతే హాయిగా అనిపించింది.

అపోహ: వాళ్ల నాన్న డైరీ దాచాడు.

ఆయన కూడా అరెస్టయ్యాడండీ. నేలమీద చెల్లాచెదురుగా పడున్న కాగితాలు ఏరి పెట్టింది ఆఫీసులో పనిచేసే బెప్ వోస్కైల్, మీప్ గీస్. మీప్ చదవకుండా డ్రాయర్‌లో పెట్టింది, 1945లో ఆ పిల్ల పోయిందని ఖాయమయ్యాక తండ్రి ఒట్టో చేతికిచ్చింది. చదివుంటే కాల్చేసేదాన్ని, సాయం చేసినవాళ్ల పేర్లన్నీ అందులో ఉన్నాయి అని తర్వాత చెప్పింది కూడా. పుస్తకం 1947 జూన్ 25న వచ్చింది, ఆయన రెండు రూపాలూ కలిపి, కొన్ని తీసేసి వేయించాడు.

అపోహ: 'మనుషులు లోపల మంచివాళ్లే' అనేది డైరీ చివరి మాట.

స్కూళ్ల గోడల మీద, క్యాలెండర్ల మీద ఉండేది ఈ వాక్యమే. అది 1944 జూలై 15ది. ఆ వెంటనే, ప్రపంచం మెల్లిగా ఎడారిగా మారుతోంది, ఉరుము దగ్గరకొస్తోంది, అది మమ్మల్నీ చంపుతుంది అని కూడా రాసింది, ఆ భాగం గోడ మీద ఎవరూ వెయ్యరు. ఇంకో సంగతి, తిరగరాయడం 1944 మార్చి 29 ఎంట్రీ దాకానే వచ్చింది, ఆ తర్వాత నాలుగు నెలలదీ రఫ్ కాపీనే. మనం ఫ్రేము కట్టించి పెట్టుకున్న ఆ వాక్యం కూడా అందులోదే, తను మళ్లీ ఒకసారి చూసుకోవడానికి టైం దొరకలేదు.