పెద్దాయన కోపం వెనక చెవి ఉందేమో చూడండి

మా గోదావరి వైపు ఏ ఇంటికెళ్ళినా ఈ మాట వినపడుతుంది, ఈమధ్య మావయ్యగారికి చాదస్తం ఎక్కువైందండి, ఊరికే కసురుకుంటున్నారు, పెళ్ళికి రమ్మంటే రానంటారు, అరుగు మీద కూర్చుని ఎవరొచ్చినా పలకట్లేదు అని. వయసైపోయింది కదా అని అందరూ సర్దుకుపోతారు. షుగర్ చూపిస్తారు, బీపీ చూపిస్తారు, శుక్లాల ఆపరేషన్ కూడా చేయించేస్తారు, చెవి మాత్రం ఎవరూ చూపించరు. మనిషి మారిపోయాడని తేల్చేసే ముందు ఒక్కసారి వినికిడి పరీక్ష చేయించండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

అమలాపురం దగ్గర మా చుట్టాలింట్లో పండక్కి జరిగింది చెప్తా. ఇంటి నిండా జనం, టీవీ మోగుతోంది, పిల్లల గోల, భోజనాల దగ్గర కోడలు "చారు పొయ్యమంటారా మావయ్యగారూ" అని అడిగింది. ఆయన చెయ్యి ఆపేసి "ఎవరు పోయారు?" అన్నాడు కంగారుగా. అందరూ పగలబడి నవ్వారు, ఎవరి మనసులోనూ చెడు లేదు, ఆయనా నవ్వాడు, కానీ మజ్జిగ దాకా ఆగకుండా లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ తర్వాత నుంచి కంచం గదిలోకే పంపమంటున్నాడట. అలా మొదలవుతుంది ఒంటరితనం.

అసలు చెవిలో ఏం జరుగుతుందంటే, లోపల నత్తగుల్ల ఆకారంలో చిన్న భాగం ఉంటుంది, అందులో ఒక్కో చెవికి సుమారు 15 వేల రోమకణాలు. శబ్దం వస్తే వాటి మీది సన్నటి రోమాలు గాలికి వరినారు ఊగినట్టు ఊగి మెదడుకి సిగ్నల్ పంపుతాయి, కాకపోతే చేలో నారు పోతే మళ్ళీ వేసుకుంటాం, మనుషుల చెవిలో ఈ కణాలు పోతే మళ్ళీ మొలవవు. వయసు, పెద్ద మోతలు, షుగర్, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి కొన్ని ఇంజెక్షన్లు వీటిని దెబ్బతీస్తాయి. శబ్దాన్ని కొలిచే లెక్క డెసిబెల్, 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలు హద్దు అంటారు, పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగం అయిపోతుంది, అంటే 100 దగ్గరకొచ్చేసరికి పావుగంటే. ఏళ్ళ తరబడి రైస్ మిల్లులో పనిచేసినవాళ్ళు, చేపల చెరువుల దగ్గర జనరేటర్ పక్కన పడుకునేవాళ్ళు, జాతరల్లో డీజే బాక్సుల ముందు నిలబడే కుర్రాళ్ళు, అందరికీ ఇదే లెక్క.

ఎక్కువగా ముందు పోయేది కీచుగా ఉండే సన్నటి శబ్దాలు. అచ్చుల్లో బలం ఎక్కువ, అవి వినపడతాయి, స, చ, త, ప లాంటి హల్లులు జారిపోతాయి. పాలు, కాలు, చాలు, తాలు అన్నీ ఆయనకి "ఆలు" లాగే చేరతాయి. అందుకే "వినపడుతోందిరా, అర్థం కావట్లేదు" అంటారు, అది అక్షరాలా నిజం. ఆడవాళ్ళ గొంతు, చిన్నపిల్లల గొంతు ఇంకా కష్టం, అందుకే కొడుకు మాట అందుతుంది, కోడలి మాట అందదు, "నాన్నగారికి కావాల్సినవే వినపడతాయి" అని నింద పడుతుంది. ఎంత అన్యాయం!

మెల్లగా చెప్తే వినపడలేదంటారు, గట్టిగా చెప్తే ఎందుకలా అరుస్తావ్ అని మండిపడతారు. దీనికీ కారణం ఉంది. ఆ కణాల్లో చిన్న శబ్దాన్ని పెంచి అందించే రకం ముందు పోతుంది, పెద్ద శబ్దం మాత్రం పాత బలంతోనే తగులుతుంది, కాబట్టి వినపడకపోవడానికీ చెవులు అదిరిపోవడానికీ మధ్య చోటు బాగా ఇరుకైపోతుంది.

ఇక మెదడు పని. జారిపోయిన హల్లుల్ని పెదాలు చూసి, సందర్భం చూసి ఊహించి నింపుకోవాలి, పొద్దున్నుంచీ అదే పనైతే సాయంత్రానికి మనిషి అలిసిపోతాడు, చిరాకు అక్కడే పుడుతుంది. పక్కన ఇద్దరు గుసగుసలాడుకుంటే నా గురించేనేమో అని అనుమానం. తప్పు జవాబు చెప్పి నవ్వులపాలవడం కన్నా మాట్లాడకపోవడమే నయం అనిపిస్తుంది. 2020లో దాదాపు లక్షన్నర మంది వివరాలు కలిపి చూసిన విశ్లేషణలో, వినికిడి తగ్గిన పెద్దవాళ్ళలో డిప్రెషన్ ఉండే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు అని తేలింది. చెవుడే డిప్రెషన్ తెచ్చిందని దీంతో రుజువైపోదు, రెండింటికీ వేరే జబ్బు కారణం కావచ్చు, అయినా పట్టించుకోవాల్సిన సంబంధమే.

సరే, ఏం చెయ్యాలి. ముందు ఈఎన్‌టీ డాక్టర్. కొందరికి గుబిలి తీయించేస్తే చాలు సగం సమస్య తీరిపోతుంది, చీము కారుతుంటే, కర్ణభేరికి చిల్లు ఉంటే మందులూ ఆపరేషన్లూ ఉన్నాయి, పిన్నీసులు పెట్టి తిప్పడం, కాచిన నూనె పోయడం దయచేసి మానెయ్యండి. ఒక్కసారిగా ఒక చెవి వినపడకుండా పోతే అది ఎమర్జెన్సీ, ఆ రోజే వెళ్ళాలి, ఆలస్యమైతే మందు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది. తర్వాత ఆడియోగ్రామ్, ఏ శబ్దం ఏ స్థాయిలో అందుతోందో గ్రాఫ్ తీస్తారు, నొప్పేమీ ఉండదు.

వినికిడి మెషీన్ పెట్టమన్నారనుకోండి, ఆ గ్రాఫ్ ప్రకారం ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణుడు) దగ్గర సెట్ చేయించుకోవాలి, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే మోత పెంచే డబ్బాలు వద్దు, అవి అన్నిటినీ ఒకేలా పెంచేస్తాయి. పెట్టిన రోజునే పాత వినికిడి వచ్చేయదు, కంచం చప్పుడు, ఫ్యాను గాలి కూడా పెద్దగా వినపడి విసుగొస్తుంది, మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుంది, మొదట ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గంటా రెండు గంటలు పెట్టించి పెంచుకుంటూ పోండి, ఇబ్బందిగా ఉంటే మళ్ళీ వెళ్ళి సెట్టింగ్ మార్పించండి. మెషీన్లు బీరువాలోకి చేరేది ఈ రెండో విడత వెళ్ళకపోవడం వల్ల కూడా. మన డెల్టాలో ఉక్కపోత, చెమట ఎక్కువ కాబట్టి రాత్రి తీసి తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాలి. ఖర్చు భారమైతే కేంద్రం పథకాలు ఉన్నాయి, వికలాంగులకి పరికరాలిచ్చే అడిప్, పెద్దవాళ్ళ కోసం 2017లో వచ్చిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన, అర్హత ఉంటే మెషీన్ ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మెషీన్ వల్ల మేలు జరిగేవాళ్ళలో నూటికి 17 మందే వాడుతున్నారు.

ఉపయోగం ఉందా అంటే, అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ మధ్య 977 మందితో మూడేళ్ళు ఒక ప్రయోగం చేశారు. జ్ఞాపకశక్తి విషయంలో మొత్తం మీద తేడా రాలేదు, మతిమరుపు ప్రమాదం ఎక్కువున్న గుంపులో మాత్రం క్షీణత 48 శాతం నెమ్మదించింది. నాకు ఇంకా నచ్చింది వేరే ఫలితం, వినికిడి చికిత్స అందినవాళ్ళకి, అందనివాళ్ళతో పోలిస్తే, మూడేళ్ళ తర్వాత సగటున ఒక మనిషి ఎక్కువగా తోడు మిగిలాడు. మాట్లాడుకోవడానికి ఇంకొక మనిషి ఉండటం ఆ వయసులో చిన్న సంగతా!

ఇంట్లోవాళ్ళం చెయ్యాల్సింది మనకీ ఉంది. టీవీ ఆపి, ఎదురుగా వచ్చి, వెలుగు మన ముఖం మీద పడేలా నిలబడి, ముందు "బాబాయ్ గారూ" అని పిలిచి ఆయన చూశాక మాట్లాడాలి, అర్థం కాకపోతే అదే మాట అరవకుండా వేరేలా చెప్పాలి. "ఏం లేదులే, తర్వాత చెప్తా" అనొద్దు, వాళ్ళ మనసు బాగా చివుక్కుమనేది ఆ మాటకే.

మెషీన్ పెట్టాక కూడా రెండు వారాలకు మించి దిగులుగా ఉంటే, తిండీ నిద్రా తగ్గితే, ఇంకెందుకు బతకడం లాంటి మాటలు వస్తుంటే మానసిక వైద్యుడికి చూపించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఉచితం, ఫోన్లో ఆయనకి వినపడకపోతే మీరు పక్కన కూర్చుని మాట్లాడొచ్చు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ మెషీన్ పెట్టించి తీసుకెళ్ళండి, డాక్టర్‌గారు మీ వైపు తిరిగి మాట్లాడుతుంటే, పెద్దాయనతోనే నెమ్మదిగా మాట్లాడమని అడగండి.