బండి నంబరు ఎవరైనా చూశారా?

"గుర్తుతెలియని వాహనం ఢీకొని పాదచారికి తీవ్ర గాయాలు." జిల్లా పేజీలో ఏ మూలో కనబడే నాలుగు లైన్ల వార్త. ఊరు మారుతుంది, వయసు మారుతుంది, మొదటి రెండు మాటలు మాత్రం అవే. ఆ మనిషికి ఎంత డబ్బు వస్తుందో చాలావరకు తేల్చేసేవీ ఆ రెండు మాటలే.

మోటారు వాహనాల చట్టం 1939లోనే వచ్చినా, బండి వల్ల దెబ్బతిన్న బయటివాళ్లకు పరిహారమిచ్చే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అయింది 1946 జులై 1 నుంచి. అప్పుడు కూడా దెబ్బతిన్నవాడు కోర్టు ఫీజు కట్టి సివిల్ దావా నడుపుకోవాల్సిందే. 1956 సవరణతో, ప్రమాద పరిహారం కేసులే వినే క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లకు దారి పడింది. మన జిల్లా కోర్టుల దగ్గర "ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేశాం" అంటుంటారే, అది ఈ ట్రిబ్యునల్ ముందు వేసేదే. తప్పు డ్రైవరుదని రుజువు చేసే బరువు మాత్రం బాధితుడి నెత్తినే ఉండిపోయింది. స్పృహ తప్పి రోడ్డు పక్కన పడినవాడు బండి ఎంత స్పీడులో వచ్చిందో ఏం చెబుతాడు? అయినా రుజువు ఉండాల్సిందేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది.

1982లో చట్టం కొంచెం మెత్తబడింది. తప్పెవరిదని అడగకుండా, మనిషి పోతే 15 వేలు, శాశ్వత వైకల్యానికి 7,500 ఇవ్వాలన్నారు. గుద్ది పారిపోయిన బండ్ల బాధితులకూ అదే సవరణలో చోటు దొరికింది, కానీ ప్రాణానికి 5 వేలు. నంబరు కనబడకపోతే మూడో వంతన్నమాట! తప్పు లేని పాదచారికి, డ్రైవరు నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా పరిహారం అందకపోతే సామాజిక న్యాయానికి అర్థమే లేదని 1987లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ వెంకటరామయ్య రాశారు. మరుసటి ఏడాది వచ్చిన కొత్త చట్టంలో మనిషి పోతే ఇచ్చే ఆ రెండు అంకెలు, నంబరు తెలిస్తే 25 వేలు, తెలియకపోతే 8,500. 1994లో 50 వేలు, 25 వేలు. ఎన్నిసార్లు పెంచినా రెండూ సమానం కాలేదు. పైగా నంబరు దొరికినవాళ్లు తప్పు రుజువు చేసి, వయసు, ఆదాయం లెక్కన ఇంకా ఎక్కువ అడగొచ్చు. దొరకనివాళ్లకు ఆ దారే లేదు.

1994 నాటి ఆ 25 వేలు 2022 మార్చి దాకా కదల్లేదు. తీవ్ర గాయానికైతే 12,500. తొడ ఎముకకు రాడ్డు వేయిస్తే అది ఏ మూలకు? 2022 ఏప్రిల్ 1 నుంచి మృతికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు చేశారు. నంబరు తెలిసిన కేసుల్లో తప్పుతో పనిలేకుండా ఇచ్చేది 5 లక్షలు, రెండున్నర లక్షలు.

నంబరు దొరకనివాళ్లు దరఖాస్తు ఆర్డీవో స్థాయి అధికారికి ఇవ్వాలి, మంజూరు చేసేది కలెక్టరు. ఈ సంగతి తెలిసినవాళ్లేరీ? 2022లో ఇలాంటి ప్రమాదాలు 67,387 జరిగితే, 2022–23లో వచ్చిన దరఖాస్తులు 205, పరిష్కరించినవి 95. ఈ లెక్క చూశాకే 2024 జనవరిలో సుప్రీంకోర్టు, నెలలోగా బండి ఆచూకీ దొరక్కపోతే ఈ పథకం ఉందని పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని ఆదేశించింది.

బండి ఎప్పుడో సీసీ కెమెరాలో దొరికిందనుకోండి, అప్పుడు ఇంకో చిక్కు. ట్రిబ్యునల్‌లో క్లెయిము వేయడానికి ఉన్న, 1994లో తీసేసిన ఆరు నెలల గడువు 2022లో మళ్లీ వచ్చింది. లెక్క బండి దొరికిన రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచి. దాన్ని సవాలు చేసిన పిటిషన్ల మీద, గడువు దాటిందని క్లెయిములు కొట్టేయొద్దంటూ 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది.