యెమెన్: ఒక రియాల్, రెండు ఖజానాలు

2025 జులైలో రాజధాని సనాను గుప్పిట్లో పెట్టుకున్న హూతీ తిరుగుబాటుదారులు 50 రియాళ్ల నాణెం, ఆ వెంటనే 200 రియాళ్ల నోటు తెచ్చారు. అవి దొంగ డబ్బు అని దక్షిణాన ఏడెన్ రేవు నగరంలో, అంతర్జాతీయ గుర్తింపు ఉన్న ప్రభుత్వం కింద పనిచేసే సెంట్రల్ బ్యాంక్ ప్రకటించింది. దాంతో రెండు సెంట్రల్ బ్యాంకుల పాత గొడవ మళ్లీ రాజుకుంది. 2014లో హూతీలు రాజధానిని పట్టుకోవడం, మరుసటి ఏడాది వాళ్లపై సౌదీ యుద్ధంలోకి దిగడం తెలిసిన సంగతులే. పోటీ రాజ్యానికి గట్టి పునాది పడింది మాత్రం 2016 సెప్టెంబరులో, ఒక అధ్యక్ష ఉత్తర్వుతో.

అప్పటిదాకా సనాలోని సెంట్రల్ బ్యాంక్ హూతీల చేతిలో ఉన్న నగరం నుంచే దేశమంతటికీ పనిచేసింది. గవర్నర్ బిన్ హమ్మామ్ హయాంలో యుద్ధరేఖకు రెండు వైపులా ఉన్న ఉద్యోగులకు జీతాలు వెళ్లేవి. గోధుమలు, బియ్యం దిగుమతులకు బ్యాంక్ డాలర్లు సర్దేది. రెండు పక్షాలూ ఎంతో కొంత నమ్మిన సంస్థ దాదాపు అదొక్కటే. హూతీలు నిల్వలను యుద్ధానికి వాడుకుంటున్నారంటూ గుర్తింపు ఉన్న ప్రభుత్వ అధ్యక్షుడు హాదీ గవర్నర్‌ను తప్పించి, ప్రధాన కార్యాలయాన్ని ఏడెన్‌కు మార్చారు. సనాలోని సెంట్రల్ బ్యాంకును హూతీలు వదల్లేదు; అలా బ్యాంకు రెండయింది. మొత్తం 12 లక్షల మంది దాకా ఉన్న ప్రభుత్వోద్యోగుల్లో చాలామందికి జీతాలు ఆగిపోయాయి. బడి పంతుళ్లు, ఆస్పత్రి సిబ్బంది చేసిన నేరమేమిటి?

జీతాలు ఆగినా వసూళ్లు ఆగలేదు. హూతీలు 2018లో జకాత్ (ముస్లింలు మతవిధిగా ఇచ్చే దానం) వసూలుకు ప్రత్యేక సంస్థ పెట్టారు. ఏడెన్ రేవులో ఒకసారి సుంకం కట్టిన సరుకుకు దేశం లోపలి చెక్‌పోస్టుల్లో మళ్లీ కట్టించారు. హూతీల చేతిలోని హుదైదా రేవు ఆదాయం జీతాలకు వాడాలని అదే ఏడాది డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో కుదిరిన ఒప్పందం నిలబడలేదు.

ఏడెన్ ముద్రించిన కొత్త నోట్లను 2019 డిసెంబరులో హూతీలు నిషేధించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సనాలో ఎక్కువగా చిరిగి, టేపు అంటించిన పాత నోట్లే చేతులు మారాయి. 2025 జులైలో డాలర్ ఏడెన్‌లో 2,800 రియాళ్లు దాటితే, సనాలో 530 దగ్గరే ఉంది. ఆ రేటున అప్పట్లో ఏడెన్‌లో కూలి చేసుకునేవాడు 10,000 రియాళ్లు పంపితే సనాలో ఇంటివాళ్లకు 2,000 లోపే అందేవి.

2024లో సనాలోని వాణిజ్య బ్యాంకులు తమ ప్రధాన కార్యాలయాలను ఏడెన్‌కు తరలించాలని ఏడెన్ సెంట్రల్ బ్యాంక్ పట్టుబట్టి, ఆరింటిపై చర్యలు తీసుకుంది. ఐక్యరాజ్య సమితి మధ్యవర్తిత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు ఆ జులైలో వెనక్కి తగ్గింది. రెండు రియాళ్లను ఏ రేటుకు కలపాలి, ఆ నష్టం ఎవరు భరించాలి అన్నదానికి ఆ ఒప్పందంలోనూ జవాబు లేదు.