దొమ్మ రోగం: చచ్చిన గొర్రెను కోయొద్దని ఎందుకంటారు?

మా మేనమామకు డెబ్బై దాకా జీవాలు ఉండేవి. ఒక వానకాలం పొద్దున్నే చెరువు కట్ట కింద మంద దగ్గరికి పోతే బాగా బలిసిన గొర్రె ఒకటి పడిపోయి ఉంది. సాయంత్రం దాకా మేసి వచ్చిందే, దగ్గు లేదు, కుంటు లేదు. పొట్ట ఉబ్బిపోయి ముక్కు దగ్గర కొంచెం నెత్తురు నురగ కనిపించింది. అప్పటికే ఇద్దరు కత్తులు పట్టుకుని వచ్చారు, కిలో ఎంతకిస్తావని బేరం కూడా నడుస్తోంది. పశువుల డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఆయన చెప్పింది ఒకటే మాట: "నేనొచ్చేదాకా దాని మీద కత్తి పెట్టనీయకు అన్నా." వచ్చి, గ్లౌజులు వేసుకుని, చెవి కొసన సూదితో గుచ్చి ఒక్క చుక్క నెత్తురు గాజు పలక మీద పూసుకుని పోయాడు. మధ్యాహ్నం దాకా ఆ గొర్రె గోనెసంచుల కింద అలాగే ఉంది, మేం కుక్కల్ని తరుముతూ కూర్చున్నాం. చివరికి దొమ్మ కాదన్నారు. ఆ తర్వాతే కోసి చూస్తే చిటుకు రోగమని తేలింది.

మామకు కోపం వచ్చింది, మాంసం పోయింది, సగం రోజు పోయింది. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఎలాగూ చచ్చిన జీవాన్ని కోస్తే ఏమవుతుంది? దీనికి జవాబు కావాలంటే దాదాపు నూటయాభై ఏళ్లు వెనక్కి పోవాలి.

మనకు ఇది దూరపు సంగతి కాదు. 2021 అక్టోబర్‌లో మన వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు చనిపోతే పరీక్షలో ఆంత్రాక్స్ అని తేలింది. ఆంత్రాక్స్ అంటే మనం దొమ్మ అనేదే. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది, యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు లెక్కన పక్క రాష్ట్రాల నుంచి కూడా తెచ్చి ఇచ్చారు. 2019 పశుగణన వచ్చేసరికి కోటీ 90 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. ఇన్ని జీవాలు ఉన్నచోట నేలలో ఏముందో తెలియడం అవసరం.

పాతకాలంలో యూరప్ రైతులను కూడా ఇదే రోగం ఏడిపించింది. ఫ్రాన్స్‌లో కొన్ని పొలాలను శాపం తగిలిన పొలాలనేవాళ్లు, అక్కడ మేపితే మంద చస్తుంది, పదేళ్లు వదిలేసి మళ్లీ మేపినా చస్తుంది. రోగంతో చచ్చిన జంతువుల నెత్తురులో పుల్లల్లాంటి సూక్ష్మజీవులు కనిపిస్తున్నాయని 1850 నాటికే చూశారు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ నెత్తురును నాలుగు రోజులు పక్కన పెడితే ఆ పుల్లలు చచ్చిపోతున్నాయి. నాలుగు రోజులు బతకనిది పదేళ్ల తర్వాత పొలంలోంచి ఎలా లేచి వస్తోంది?

ఈ ముడిని విప్పింది పెద్ద ప్రయోగశాల కాదు. అప్పటి జర్మనీలోని వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్లో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) రాబర్ట్ కోచ్ అనే డాక్టర్ రోగులను చూసుకుంటూనే ఇంట్లో మైక్రోస్కోప్ పెట్టుకుని పని చేసేవాడు. ఎద్దు కంట్లోని నీటి చుక్కలో ఈ పుల్లలను పెంచి గంటల తరబడి చూశాడు. అవి పొడుగు దారాల్లా పెరిగాయి, తర్వాత ఆ దారాల లోపల పూసలు గుచ్చినట్టు మెరిసే గింజలు వచ్చాయి, దారం కరిగిపోయింది, గింజలు మిగిలాయి. ఆ గింజల్ని ఎండబెట్టి, మళ్లీ తిండి ఉన్నచోట పెడితే మళ్లీ పుల్లలయ్యాయి. 1876లో బ్రెస్లావ్ నగరానికి వెళ్లి అక్కడి వృక్షశాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్‌కు చేసి చూపించాడు. కోన్ అదే ఏడాది ఎండుగడ్డి నీళ్లలో పెరిగే మరో బాక్టీరియాలో ఇలాంటి గింజలే చూసి, మరిగించినా అవి చావడం లేదని రాశాడు. ఆ గింజలే స్పోర్లు, మన పాఠ్యపుస్తకాల్లో సిద్ధబీజాలు.

ఇక్కడే మామ ప్రశ్నకు జవాబు ఉంది. దొమ్మ సూక్ష్మజీవి స్పోరుగా మారాలంటే గాలి, అందులోని ఆక్సిజన్ కావాలి. బతికున్న గొర్రె ఒంట్లో అది పుల్లగానే ఉంటుంది. గొర్రె చచ్చాక తోలు కోయకుండా వదిలేస్తే లోపల గాలి ఉండదు, కుళ్లబెట్టే ఇతర బాక్టీరియా దీన్ని కొద్ది రోజుల్లోనే చంపేస్తాయి. కత్తి పెట్టామా, నెత్తురు నేల మీద పారిందా, ఆ పుల్లలన్నీ గంటల్లో స్పోర్లు కట్టడం మొదలుపెడతాయి. దొమ్మతో చచ్చిన జీవం నెత్తురు తారులా నల్లగా ఉంటుంది, త్వరగా గడ్డకట్టదు, అందుకే చాలా దూరం పారుతుంది. కోసినవాళ్ల చేతి మీద చిన్న గాయం చాలు, అక్కడ పొక్కు లేచి మధ్యలో బొగ్గులా నల్లటి పుండు పడుతుంది. విశాఖ మన్యంలో ఇలాంటి కేసులు మళ్లీ మళ్లీ వచ్చాయి. వెంటనే వెళ్తే యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

స్పోరు ఎలా తయారవుతుందో తెలిస్తే నాకైతే ఒళ్లు జలదరిస్తుంది. తిండి కరువయ్యాక ఆ కణం సమానంగా కాకుండా ఒక పెద్ద గది, ఒక చిన్న గదిగా విడిపోతుంది. పెద్ద గదిని తల్లి కణం అంటారు. అది చిన్నదాన్ని మింగి కడుపులో పెట్టుకుని, దాని చుట్టూ పొర మీద పొర కట్టి, లోపలి నీటిని చాలావరకు లాగేసి, ఆ చోటును కాల్షియంతో జతకట్టిన డైపికోలినిక్ ఆమ్లంతో నింపి, చివరికి తానే పగిలి చచ్చిపోతుంది. ఏడెనిమిది గంటల పని. లోపలి డీఎన్ఏను కూడా చిన్న ప్రొటీన్లు చుట్టి కాపాడతాయి. ఎండ, చలి, మామూలు మరుగు, చాలా మందులు దీన్ని ఏమీ చేయలేవు. దీని కోసమే 1879లో ఫ్రాన్స్‌కు చెందిన షాంబర్లాండ్ ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రం తయారు చేశాడు, మన ప్రెషర్ కుక్కర్ సూత్రమే, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. ఆసుపత్రి కత్తెరలన్నీ ఇప్పటికీ అందులోంచే వస్తాయి.

చిటుకు రోగం, ధనుర్వాతం తెచ్చేవి కూడా స్పోర్లు కట్టే బాక్టీరియాలే, కాకపోతే వాటికి గాలి పడదు. ఇంకో చుట్టరికం మన పత్తి చేలలోనే ఉంది. బీటీ పత్తిలో బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్, దొమ్మ సూక్ష్మజీవికి దగ్గరి చుట్టం. అది స్పోరు కట్టేటప్పుడు తల్లి కణంలో ఒక ప్రొటీన్ స్ఫటికం పేరుకుంటుంది, పురుగును చంపేది అదే. ఆ జన్యువును పత్తిలో పెట్టి 2002లో మన దేశంలో అనుమతించారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి బస్తాల వెనక కూడా ఒక స్పోరు కథ ఉందన్నమాట.

పూడ్చేస్తే సరిపోదా అంటే, ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాశ్చర్ 1880లోనే దీని గురించి చెప్పాడు. పూడ్చిన చోట వానపాములు మట్టి తిని పైకి తెచ్చి వేస్తుంటే వాటితో పాటు స్పోర్లూ పైకి వస్తున్నాయన్నాడు. మనవైపు బొంద లోతుగా తవ్వి సున్నం చల్లడం అలవాటు. సున్నం సంగతిలో శాస్త్రవేత్తలకు ఇప్పుడు అనుమానాలున్నాయి, ఎందుకంటే స్పోరు గట్టిదనానికి కాల్షియమే కీలకం, దొమ్మ మళ్లీ మళ్లీ వచ్చే నేలలు కూడా ఎక్కువగా సున్నం పాలు ఉన్న క్షార నేలలే. మన నల్లరేగడి అలాంటిదే. అందుకే వీలైన చోట పూర్తిగా కాల్చేయడమే మేలంటారు.

ఎంతకాలం ఉంటాయి అంటే, స్కాట్లాండ్ దగ్గర గ్రూనార్డ్ అనే చిన్న దీవి మీద బ్రిటన్ 1942లో ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీళ్లతో దీవిని తడిపి, 1990లో గానీ సురక్షితమని ప్రకటించలేదు. రష్యా ఉత్తరాన చలి ప్రాంతమైన యమల్‌లో 2007లో పెంపుడు దుప్పులకు (రెయిన్‌డీర్) టీకాలు వేయడం ఆపేశారు. 2016 ఎండాకాలంలో మంచు నేల కరిగింది, రోగం లేచింది, రెండు వేలకు పైగా దుప్పులు, ఒక పిల్లవాడు చనిపోయారు. ఇన్నేళ్లు రాలేదు కదా అని టీకా మానేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ తెలియదు.

టీకా సంగతి. 1881లో పుయీ ల ఫోర్ అనే ఊళ్లో పాశ్చర్ అందరి ముందు 24 గొర్రెలకు టీకా వేసి, 24 గొర్రెలను వేయకుండా ఉంచి, అన్నింటికీ రోగం ఎక్కించాడు. జూన్ 2న జనం వచ్చి చూస్తే టీకా పడ్డవన్నీ నిలబడి ఉన్నాయి, పడనివి సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు మన జీవాలకు వేసేది 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారు చేసిన రకం. అందులో ఉండేవి బతికున్న స్పోర్లే, పైపొర కట్టుకునే శక్తి పోగొట్టుకున్నవి. దాని బలం ఏడాది మించి నిలవదు కాబట్టి, రోగం ఒకసారి వచ్చిన ఊళ్లో ప్రతి ఏడూ వానలకు ముందే వేయించాలి.

ఇప్పటి పరిశోధన మాత్రం వేరే ప్రశ్న మీద నడుస్తోంది: చచ్చినట్టు పడి ఉన్న స్పోరుకు లేవాల్సిన సమయం ఎలా తెలుస్తుంది? 2022లో అమెరికాలో శాన్ డియాగోకు చెందిన గురోల్ సుయెల్ బృందం ప్రమాదం లేని బాసిల్లస్ సబ్‌టిలిస్ మీద పని చేసి ఒక మంచి సంగతి కనిపెట్టింది. స్పోరు లోపల పొటాషియం నిల్వ ఉంటుంది. కొంచెం తిండి తగిలిన ప్రతిసారీ అందులోంచి కొంత బయటికి పోతుంది, స్పోరు మాత్రం లేవదు. నిల్వ ఒక గీత కిందికి పడ్డాకే లేస్తుంది. మృగశిరలో మొదటి వాన పడగానే గింజ పెడితే మొలక ఎండిపోతుందని తెలిసిన రైతు, ఇంకో రెండు వానలు పడి నేల పదునెక్కేదాకా ఆగుతాడు చూడండి, అచ్చం అలాగే. శక్తి ఏమీ ఖర్చు పెట్టకుండా, ఒక్క కొత్త ప్రొటీన్ తయారు చేయకుండా, పడిన తడులు లెక్కపెట్టుకుంటోంది. మరుసటి ఏడాది హార్వర్డ్ వాళ్లు తిండిని పసిగట్టే గ్రాహకాలు నిజానికి చిన్న ద్వారాలని, తిండి తగిలితే తెరుచుకుని పొటాషియం లాంటి అయాన్లను వదులుతాయని చూపించారు.

లేచిన స్పోరు చాలా బలహీనం, మామూలు మందుకే చస్తుంది. కాబట్టి నేలలో ఉన్నవాటిని ముందు తిండి చూపించి లేపి, తర్వాత చంపాలని చూస్తున్నారు. చిక్కల్లా కొన్ని మొండి స్పోర్ల దగ్గరే వస్తోంది. పక్కనున్నవన్నీ లేచినా అవి లేవవు. ఆ కొన్ని ఎందుకు లేవడం లేదో పట్టుకోవడానికే ఇప్పుడు ఈ ప్రయోగశాలల్లో రాత్రీ పగలూ పని నడుస్తోంది.