గోడకు కొట్టిన మందు, కడుపులో బిడ్డ

దక్షిణాఫ్రికాలో లింపోపో రాష్ట్రానికి చెందిన వెంబే జిల్లా పల్లెల్లో మలేరియా దోమలను చంపడానికి ఇళ్ల లోపలి గోడలకు డీడీటీ కొట్టేవారు. 2004–2006 మధ్య అక్కడ పుట్టిన 3,310 మంది మగశిశువులను ప్రిటోరియా విశ్వవిద్యాలయానికి చెందిన రియానా బోర్న్‌మన్ బృందం పరిశీలించింది. 357 మందిలో పుట్టుకతోనే మూత్ర, జననాంగ లోపాలు కనిపించాయి. కొందరికి వృషణాలు తిత్తిలోకి దిగలేదు. మరికొందరికి మూత్ర రంధ్రం శిశ్నం కొసన కాకుండా అడుగు భాగంలో ఉంది. 1995–2003 మధ్య మందు కొట్టిన ఊళ్ల తల్లులకు ఇలాంటి బిడ్డ పుట్టే అవకాశం, కొట్టని ఊళ్లకన్నా 33 శాతం ఎక్కువ.

నన్ను కలచివేసింది మరో అంకె. చదువుకో, పనికో బయటకు వెళ్లకుండా ఆ ఇళ్లలోనే ఉండిపోయిన తల్లుల విషయంలో ఆ అవకాశం 41 శాతం ఎక్కువ. రోజంతా ఆ గోడల మధ్య వంట చేసింది, ఊడ్చింది, పడుకున్నది వాళ్లే కదా!

ఒంట్లో చేరిన డీడీటీ చాలావరకు డీడీఈ అనే మరో రసాయనంగా మారి ఏళ్ల తరబడి కొవ్వులో నిలిచిపోతుంది. అందుకే నెల తప్పిన తర్వాత జాగ్రత్తపడితే సరిపోదు. ఎప్పుడో పీల్చిన మందు కూడా మాయ దాటి బిడ్డను చేరుతుంది. సుమారు 8 నుంచి 14 వారాల మధ్య పిండంలో తయారయ్యే టెస్టోస్టెరాన్ మగ అవయవాలకు రూపం ఇస్తుంది. కణాల్లో ఆ హార్మోను అతుక్కోవలసిన చోట డీడీఈ తిష్ఠ వేస్తుంది. హార్మోను ఉన్నా దాని ఆదేశం అందదు. ఈ అడ్డంకిని 1995లోనే ప్రయోగశాలలో గుర్తించారు.

వెంబేలో ప్రతి తల్లి రక్తంలో డీడీటీ ఎంతుందో కొలవలేదు; ఊరికి మందు కొట్టారా లేదా అన్నదే లెక్క. కనుక ఇది బలమైన అనుమానమే, తుది రుజువు కాదు. పైగా మలేరియా చిన్న శత్రువేమీ కాదు. 1996లో డీడీటీ మానేసిన దక్షిణాఫ్రికా, వేరే మందులకు దోమలు లొంగకపోవడంతో 2000లో మళ్లీ దాన్నే ఆశ్రయించింది. మన దేశమూ 1989లో వ్యవసాయానికి నిషేధించి, దోమల నివారణకు మాత్రం ఉంచుకుంది. అయినా ఇంటి లోపల ఏం చల్లుతున్నారో ఆ ఇంటి ఆడవాళ్లకు ముందుగా చెప్పకపోవడం నా దృష్టిలో అన్యాయం.

మగబిడ్డ పుట్టగానే వృషణాలు రెండూ దిగాయో లేదో డాక్టరును చూడమనండి. చాలామందికి తొలి నెలల్లో వాటంతటవే దిగుతాయి. ఆరు నెలలకూ దిగకపోతే పిల్లల సర్జనుకు చూపించాలి. మూత్ర రంధ్రం చోటు తప్పి ఉంటే మాత్రం ఆయన చూసేదాకా సున్తీ చేయించకండి. దాన్ని సరిచేయడానికి ఆ చర్మమే అవసరం కావచ్చు.