పీక్ దాటినా సూర్యుడు ఊరుకోడు

2024 అక్టోబరు మొదటి రోజులు. అరసవల్లిలో తొలి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని జనం తెల్లారకముందే క్యూ కట్టే రోజులవి. సరిగ్గా అప్పుడే పైన సూర్యుడు రెండుసార్లు రేగాడు. 2న తెల్లవారుజామున ఎక్స్ 7.1 జ్వాల (సూర్యుడి మీద ఒక్కసారిగా భగ్గుమనే వెలుగు; ఎక్స్ అంటే అన్నిటికన్నా తీవ్రమైన తరగతి), 3న సాయంత్రం 5.48కి, ఇక్కడ పొద్దు గుంకే వేళకి, ఎక్స్ 9. సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గే ఒక్కో విడతని సైకిల్ అంటారు; ఈ 25వ సైకిల్‌లో అప్పటిదాకా అదే పెద్దది. కిరణాలకీ దానికీ సంబంధం లేదు, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్లు గమనించగలరు.

సైకిల్ సంగతి బయటపెట్టింది ఒక మందుల షాపాయన. జర్మనీలో ష్వాబె అనే ఆయన, బుధుడికన్నా లోపల ఇంకో గ్రహం ఉందేమోనని, 1826 నుంచి ఎండ కాసిన ప్రతిరోజూ సూర్యుణ్ణి చూసి మచ్చలు లెక్క రాసుకున్నాడు. గ్రహం దొరకలేదు గానీ, 17 ఏళ్ల లెక్క తిరగేస్తే మచ్చలు సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతున్నాయని తేలింది. తర్వాత వోల్ఫ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు పాత రికార్డులు తవ్వి అది 11 ఏళ్లని సరిచేసి, 1755లో మొదలైనదానికి ఒకటో నంబరు ఇచ్చాడు.

జ్వాలని మొదట చూసింది ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కారింగ్టన్, 1859 సెప్టెంబరు 1న. మచ్చల బొమ్మ గీస్తుంటే వాటి మధ్య తెల్లటి వెలుగు భగ్గుమంది, ఐదు నిమిషాల్లో మాయమైంది. పద్దెనిమిది గంటలు తిరక్కుండానే భూమ్మీద టెలిగ్రాఫ్ లైన్లు అతలాకుతలం. మచ్చలంటే బలమైన అయస్కాంత క్షేత్రాలని 1908లో హేల్ అనే అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు చూపించాకే ముడి విడింది: ఆ క్షేత్రాలు మెలికలు పడి, ఉన్నట్టుండి తెగి కొత్తగా అతుక్కుంటే జ్వాల.

కాబట్టి మచ్చలు ఎక్కువైతే జ్వాలలూ ఎక్కువే, ఇంతవరకూ సులువు. చిక్కంతా ఏంటంటే అన్నిటికన్నా పెద్ద జ్వాల పీక్‌లోనే, అంటే సైకిల్‌లో మచ్చలు అన్నిటికన్నా ఎక్కువుండే కాలంలోనే, రావాలని లేదు. 1968లో పీక్ అయిపోయాక 1972 ఆగస్టులో సూర్యుడి నుంచి వచ్చిన తుఫానుకి వియత్నాం తీరంలో అమెరికా వేసిన సముద్రపు మైన్లు వాటంతట అవే పేలాయి. 2003 నవంబరు 4న వచ్చిన జ్వాలని ఉపగ్రహంలో సెన్సర్ కొలవలేక చేతులెత్తేసింది, ఎక్స్ 28 అని అంచనా వేసుకున్నారు, అప్పటికి పీక్ దాటి రెండేళ్లు. 24వ సైకిల్‌కి పీక్ 2014లో, దాని అతిపెద్ద జ్వాల 2017 సెప్టెంబరు 6న, మచ్చలు బాగా పలచబడ్డాక.

లెక్కకి వచ్చేది ఎన్ని మచ్చలన్నది కాదు, ఒక్క గుంపులో ఎంత చిక్కు పడిందన్నది. మనకి తెలియనిదేం కాదిది. అక్టోబరు వస్తే తుఫాను టెన్షన్ మామూలే, కానీ 2018లో తిత్లీ 11వ తేదీ తెల్లవారుజామునే పలాస దగ్గర తీరం దాటుతుందని క్యాలెండర్ చూసి ఎవరు చెప్పగలిగారు? బంగాళాఖాతంలో వాయుగుండం పట్టాకే కదా.

2024 మేలో, లద్దాఖ్ ఆకాశం ఎర్రబడిన ఆ సౌర తుఫానప్పుడు, 2022 గ్రహణానికి కొన్న కళ్లద్దాలు బీరువాలోంచి తీసి మేడెక్కాను. నువ్వుగింజంత నల్లచుక్క కనబడింది. వెడల్పు పదిహేను భూములంత అట. ఆ అక్టోబరులోనే పీక్ వచ్చిందని తర్వాత లెక్క తేల్చారు, అంటే ఇప్పుడు మనం దిగుతున్న వైపు ఉన్నాం. కళ్లద్దాలు మాత్రం మళ్లీ బీరువాలో పెట్టలేదు, టీవీ పక్కనే ఉన్నాయి.